నీలం లైటు వెయ్యి

గోడ గడియారంలో మూడున్నర, అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి మూడూ ఇరవై ఐదు, అంటే ఇంకా గంటా ఐదు నిమిషాలుంది, నాలుగున్నరకి మూడో గది బాలింత బిడ్డనెత్తుకుని మెట్లు దిగుతుంది, ఐదింటి బస్సెక్కుతుంది, రెండు గంటల ప్రయాణం, అది వెళ్ళాలంటే ఈ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. పెన్ను మూత తీసి పావుగంటైంది. సిరా ఆరిపోయి ఉంటుంది, ఆరిపోతే బాగుండు, ఇంకో పెన్ను వెతికే వంకతో ఐదు నిమిషాలు గడుస్తాయి. అవతల గదిలోంచి ఆ పిల్ల నవ్వు వినిపిస్తోంది, బిడ్డతో ఏదో అంటోంది, ఐదు రోజుల వాడికి ఏం అర్థమవుతుందని, అయినా అందరు తల్లులూ మాట్లాడతారు, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ గోడల మధ్య వింటున్నాను. నవ్వుతోందంటే ఇంకా మొదలవలేదన్నమాట. పదకొండింటికి జరిగింది. కొందరికి నాలుగు గంటలు పడుతుంది, కొందరికి ఆరు, కొందరికి ఎనిమిది. ఆరు అనుకుంటే ఐదింటికి, అంటే సరిగ్గా బస్సు కదిలేవేళకి. ఆ పిల్లకి తెలియదు. నాకు తెలుసు. ఏం రాబోతోందో ఈ అంతస్తులో పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, తెలిసి కూడా పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మా వార్డులో పుట్టిన మాట ఒకటుంది, బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. పుట్టగానే పచ్చకామెర్లు వచ్చిన బిడ్డల్ని పడుకోబెట్టే దీపం నీలంగా వెలుగుతుంది, కానీ మేమందరం దాన్ని పచ్చ లైటు అంటాం, పచ్చకామెర్ల లైటు కాబట్టి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు కదా, మా వార్డుకి నీలం కూడా పచ్చగానే కనబడేది. నీలం లైటంటే మాకు వేరే. గది ఖాళీ అయ్యాక, పక్కలు తీసేసి, తలుపు మూసి, బయటి స్విచ్చు నొక్కి వేసే గొట్టం అది, తలుపుకి ఎదురుగోడ మీద ఎత్తున ఉంటుంది, గదిలో క్రిముల్ని చంపుతుంది. అతినీలలోహిత కిరణాలని పుస్తకంలో ఉంటుంది, వార్డు పనులు చూసే మా ఆయమ్మకి ఆ మాట నోరు తిరగదు, తొందరలో నాకూ తిరగదు. పచ్చ లైటు బిడ్డకి, నీలం లైటు ఖాళీ గదికి. ఆ గొట్టం పెట్టిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు, ఒక్కరూ తడబడలేదు. ఊడ్చేవాళ్ళు తడబడలేదు, కొత్తగా చేరిన నర్సులు తడబడలేదు. పోయిన వారం నన్ను మూడు రోజుల శిక్షణకి పంపారు. పెద్ద హాలు, చల్లటి గాలి, తెర మీద బొమ్మలు, నా కొడుకు వయసున్న డాక్టరొకాయన మాట్లాడుతున్నాడు, నేను లేచి, మా పచ్చ లైటు కింద బిడ్డని ఎంతసేపుంచాలండీ అని అడిగాను. "ఏ రంగు లైటు మేడమ్?" అన్నాడాయన. పచ్చ లైటండీ అన్నాను మళ్ళీ, పిచ్చిదాన్ని. హాలంతా నవ్వింది. చెవులు కాలిపోయాయి నాకు. భోజనాల దగ్గర కూడా ఎవరో వెనకనుంచి పచ్చ లైటుగారూ అన్నారు. తిరిగొచ్చిన మర్నాడు అందరినీ వరసలో నిలబెట్టి ఉపన్యాసమిచ్చాను, ఇకనుంచి సరైన పేర్లు, బిడ్డలది నీలం లైటు, గదిది యూవీ లైటు, మళ్ళీ పచ్చ అన్నవాళ్ళ నోటికి తాళం వేస్తానన్నాను. ఆయమ్మ ఆ రోజు సెలవు, మనవరాలికి జ్వరం. కళ్ళు నెత్తికెక్కడమంటే ఇదే, నెత్తికెక్కిన కళ్ళకి ఎదురుగా ఎవరున్నారో ఎవరు లేరో కనబడదు.

పొద్దున పది దాటాక పాలు పట్టడానికి మూడో గదిలో బిడ్డ దీపం ఆపించాను. రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు, వచ్చేదాకా ఇంకాసేపు దీపం కింద ఉంచితే మంచిది. నేనేమో కింద మందుల గదిలో వచ్చిన పెట్టెలు విప్పిస్తూ ఇరుక్కుపోయాను. పైకి ఫోను చేశాను, ఆయమ్మ ఎత్తింది, మూడో గదిలో నీలం లైటు వెయ్యి అన్నాను. ఎంత స్పష్టంగా అన్నానో, ఆ హాల్లో నవ్విన వాళ్ళంతా వినాలన్నంత స్పష్టంగా. ఫోను పెట్టేశాను. వెంటనే పెట్టేశానా, వెంటనే అనే అనుకుంటాను, దాదాపు వెంటనే. పదకొండూ నలభైకి మెట్లెక్కి వస్తుంటే మూడో గది తలుపు కింద సందులో ఊదారంగు గీత కనబడింది. ఎవరో గది ఖాళీ చేసేశారేమో అనుకున్నాను, మనసు అలా అనుకోవడానికే చూస్తుంది. తలుపు తీశాను. నిప్పురవ్వ ఎగిరాక గాలిలో మిగిలే వాసన. ఆ పిల్ల మంచం మీద వెనక్కి ఆనుకుని పడుకుంది, ఒక చెయ్యి బిడ్డ పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి లోపలికి పెట్టి వాడి పాదం పట్టుకుంది, ముఖం మాత్రం గొట్టం వైపు తిప్పి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "రండి సిస్టర్, ఈ లైటు ఎంత చల్లగా ఉందో, వెన్నెల్లో పడుకున్నట్టుంది. వాడు కూడా కిక్కురుమనలేదు" అంది. వెనక్కి అడుగేసి స్విచ్చు ఆపాను. ఇవాళ్టికి చాల్లే అమ్మా అన్నాను. అది మొదటి అబద్ధం, దానికి మాట తడుముకోవలసిన అవసరం కూడా రాలేదు. ఖాళీ గదికి మేం వేసేది అరగంట. ఆ పిల్ల ఉన్నది నలభై నిమిషాలు.

మా నాన్న వెల్డింగు మేస్త్రీ. పుస్తకం తెరవకముందే ఈ ఆరు గంటల సంగతి నాకు తెలిసింది ఆయన వల్లే. పగలంతా పని చేసి, సాయంత్రం నవ్వుతూ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్నూ తమ్ముణ్ణీ చెరో మోకాలి మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవాడు, అప్పటిదాకా ఏమీ ఉండదు. అన్నం దగ్గర కూర్చున్నాక ఒకసారి కళ్ళు నులుముకునేవాడు. అమ్మ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయేది. "ఇవాళ అద్దం పెట్టుకోలేదా?" అనేది. "ఒక్క చిన్న అతుకే కదా, దానికోసం ముసుగు దించడమెందుకని" అనేవాడు నాన్న, అంత పెద్ద మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా. ఇంకో అరగంటకి కళ్ళల్లో ఇసుక పోసి రుద్దినట్టు, కారం చల్లినట్టు, దీపం ఆర్పండర్రా, తలుపు వెయ్యండర్రా, గోడవైపు తిరిగి తల గుద్దుకునేవాడు. తడిగుడ్డలు మార్చడం నా పని. గుడ్డ తీసినప్పుడల్లా కళ్ళు ఉబ్బి, ఎర్రటి గీతలా ఉండేవి, నీళ్ళు ధారగా కారేవి, మా నాన్న ఏడుస్తున్నాడో నీళ్ళే కారుతున్నాయో ఎనిమిదేళ్ళ నాకు తెలిసేది కాదు. మర్నాడు కళ్ళు తెరవలేడు, ఆ పైరోజు కాస్త నయం, మూడోనాడు మళ్ళీ పనికి. నిప్పైతే చెప్పి కాలుస్తుందే, ఇది చెప్పకుండా కాలుస్తుంది, అనేవాడు. చాలా ఏళ్ళ తర్వాత కుడి కంట్లో పొర వచ్చింది, ముసలితనంలో నన్ను గుర్తుపట్టడానికి తల పక్కకి తిప్పి ఎడమ కంటితో చూసేవాడు. ఆయన దగ్గర గుడ్డలు మార్చిన చేతులే ఇవి. ఈ చేతులకి ఏం చెయ్యాలో తెలుసు. చీకటి గది, చల్లటి గుడ్డలు, చుక్కల మందు, కంటి డాక్టరుకి కబురు, ఇంకేం లేదు, ఆ పిల్లని ఇక్కడే ఉంచడం. దానికి ముందు ఒక్క మాట చెప్పాలి.

పెద్ద డాక్టరుగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సుళువుగా ఉండేది. పన్నెండింటికి ఆయన గదిలోకి వెళ్ళి, మూడో గదిలో పొరపాటున యూవీ వేశారండీ, బాలింత లోపలే ఉంది అన్నాను. వేశారండీ అన్నాను. ఎవరు వేశారో ఆ మాటలో ఉండదు, మన భాషలో ఎంత సౌకర్యమో, క్రియకి చివర గౌరవం తగిలిస్తే మనిషి మాయమైపోతాడు. "బిడ్డ?" అన్నాడాయన ముందు. పెట్టెలో ఉన్నాడండీ, మూత వేసే ఉంది, కళ్ళకి గంతలున్నాయి అన్నాను. "తల్లికి నొప్పేమైనా ఉందా?" ఇప్పటికి లేదండీ. "అయితే రాయకండి. లేని నొప్పికి కాగితం రాస్తే, రేపు ఊళ్ళో ఉన్న నొప్పులన్నీ మన మీదికొస్తాయి. బిడ్డ రక్తం బాగా వస్తే సాయంత్రం పంపించేయండి. స్విచ్చు వేసిందెవరు?" ఆయమ్మని పిలిపించారు. తలుపు దగ్గరే నిలబడి "నేనేనండీ" అంది. అంతే అంది. నా వైపు చూడలేదు కూడా. ఆమె వెళ్ళాక ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, పాపం పెద్దావిడే కానీ రేపట్నుంచి రావద్దని చెప్పండి, మీరే చెప్పండి, మీరైతే మెల్లిగా చెబుతారు అన్నాడు. సరేనండీ అన్నాను. ఒక్క పూటలో ఎన్ని సరేలు.

బిడ్డ రక్తపరీక్ష ఫలితం బాగానే వచ్చింది, రెండున్నరకి ఏదో వంకతో మూడో గదిలోకి వెళ్ళాను. ఆ పిల్ల దర్జీ, చొక్కాలకి కాజాలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషట, రోజుకి నూట యాభై కాజాలు, అన్నీ చేత్తోనే, దుకాణంలో అందరూ కాజాలమ్మా అని పిలుస్తారట. మేమూ అలాగే పిలుస్తున్నాం. వచ్చిన మొదటిరోజే నా యూనిఫారం చూసి, సిస్టర్, మీ మూడో కాజా ఎవరో నిద్రపోతూ కుట్టారు అంది, ప్రసవం నొప్పులు పడుతూ. నవ్వొచ్చింది నాకు, నొప్పుల్లో కాజా చూసిన మనిషిని అప్పుడే చూడటం. రెండున్నరకి ఆ పిల్ల బిడ్డ గుడ్డలకి కుట్టు వేస్తోంది, సూదిలో దారం ఎక్కించడం చూశాను, ఒక్కసారికే ఎక్కింది. నేను దగ్గరగా వంగి దాని కళ్ళల్లోకి చూశాను, తెల్లగుడ్డు మూలల్లో ఎర్రటి జీర ఉందా, నిద్రలేమి వల్లనా, దానివల్లనా. "అలా చూస్తారేంటి సిస్టర్, నా మొహమ్మీద ఏమైనా రాసుందా?" అంది. రాసే ఉంది. నుదురు, ముక్కు, బుగ్గలు ఎర్రగా కందాయి. "వేడి చేసినట్టుందమ్మా" అన్నాను. "వేడా, నిగారింపు! మా అత్త పొద్దున్నే వెళ్ళిపోయింది ఇల్లు సర్దడానికి, లేకపోతే చూసి ఉండేది. మా ఆయన బస్టాండుకొస్తానన్నాడు, నన్ను చూసి కొత్త పెళ్ళాం అనుకుంటాడు" అంది. నవ్వింది. నేనూ నవ్వాను, దేవుడా, నేనూ నవ్వాను. నలభై నిమిషాలు వెలుగులో ఉన్న చెయ్యి మోచేతి పైన ఎర్రగా ఉంది, పెట్టెలో ఉన్న కింది భాగం మామూలుగా ఉంది, రెండింటికీ మధ్య గీత గీసినట్టుంది, ఆ పిల్ల అది కూడా చూసుకోలేదు.

పెట్టె మూత. గాజులాగే కనబడే మందపాటి ప్లాస్టిక్కు. పొద్దున తలుపు తీయగానే నా చూపు ముందు దాని మీదికే వెళ్ళింది, మూసుందని చూశాక ఊపిరి పీల్చుకున్నాను. అది కూడా మా ఇంట్లో నేర్చుకున్నదే. మేం పెరిగింది ఎండ కన్నెరగని ఇంట్లో, మామూలుగా ఆ మాట రాణుల గురించి అంటారు, మా విషయంలో మటుకు నిజంగానే, మూడు వైపులా ఎత్తు మేడలు, కింద మా గది. తమ్ముడు నిలబడ్డం మొదలుపెట్టాక కాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి, మధ్యలోంచి బంతి దొర్లిపోయేది, నేను దొర్లించేదాన్ని కూడా, అమ్మ చూస్తే వీపు పగిలేది. డాక్టరు వాణ్ణి రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నాడు. పక్కమేడ మెట్ల మలుపులో కిటికీ ఉండేది, పొద్దున గంటసేపు దానిలోంచి ఎండ పడేది, అమ్మ వాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కి, చలిగాలి తగులుతుందని కిటికీ అద్దం వేసి, ఆ వెలుగులో కూర్చోబెట్టేది, వెలుగు జరిగితే వాణ్ణీ జరిపేది. ఆరునెలలు. కాళ్ళు అలాగే ఉన్నాయి. డాక్టరు అన్నీ అడిగి చివరికి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, అద్దం అడ్డముంటే వెలుతురే లోపలికొస్తుంది. ఎండలో ఉన్న మందు బయటే ఆగిపోతుంది" అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది, ఆరునెలలు బిడ్డకి ఉత్త వెలుతురు తినిపించానే అని. అప్పట్నుంచి అద్దం తీసేసింది, చలైనా గాలైనా. రెండేళ్ళకి వాడి కాళ్ళు తిన్నగా అయ్యాయి, ఇప్పుడు లారీ తోలతాడు. మందు ఆపిన అద్దం విషాన్నీ ఆపుతుంది. బిడ్డకేం కాలేదు, ఆ ధైర్యం నాకుంది. అమ్మకి ఎవరైనా మొదటిరోజే చెప్పి ఉంటే ఆ ఆరునెలలు పోయేవి కావు.

ఆ శిక్షణలో డాక్టరు చెప్పాడు, ఎండలో మన కంటికి కనబడని కిరణాలు మూడు రకాలట, ఒకటి చర్మాన్ని ముడతలు పెడుతుంది, ఒకటి ఎముకలకి బలమిస్తుంది, ఎక్కువైతే అదే కాలుస్తుంది, మూడోది నేల మీదికి రానే రాదు, పైన గాలిలోనే ఆగిపోతుంది, వస్తే ఏ ప్రాణీ బతకదు. మా గొట్టంలో ఉన్నది ఆ మూడోది. ఆకాశం రానివ్వనిదాన్ని మనం పట్టుకుని గోడకి తగిలించుకున్నాం. తగిలించుకున్నందుకు లాభం లేదని ఎలా అంటాను, అది వచ్చాక ఈ వార్డులో బాలింతలకి జ్వరాలు తగ్గాయి, పక్క గదుల్లో చీము పట్టిన కుట్లు చూసి చూసి విసిగిన కళ్ళు నావి, ఆ గొట్టానికి దండం పెట్టాలనిపించిన రోజులున్నాయి. దాని తప్పేం లేదు. అది మనిషినీ క్రిమినీ పోల్చుకోలేదు, పోల్చుకోవడం నా పని, అందుకే నాకు జీతం. అయినా నేను ఆలోచిస్తున్నది కిరణాల గురించా, ఇదంతా ఎందుకు, పెన్ను పట్టుకున్న చెయ్యి పని చెయ్యకుండా ఉండటానికి తల ఎంత దూరమైనా తిరిగొస్తుంది. గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

ఆయమ్మ టీ తెచ్చింది. బల్ల మీద పెట్టి వెళ్ళకుండా నిలబడింది. "నన్ను రేపట్నుంచి రావద్దన్నారా అమ్మా?" అంది. ఎవరు చెప్పారు అన్నాను. "ఎవరూ చెప్పలేదు. మీరు పన్నెండింటినుంచి నా మొహం చూడట్లేదు" అంది. టీ కప్పు వైపు చూశాను. ఆమె గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పలేదమ్మా. చెప్పను కూడా. ఫోనులో మీరు పనిలో ఉన్నారు, నేనే ఇంకోసారి అడగాల్సింది." ఇంకోసారి. ఆ మాట ఎందుకంది, అనకుండా ఉంటే బాగుండేది, ఇంకోసారి అంటే మొదటిసారి అడిగిందని కదా. అడిగింది. నేను ఫోను వెంటనే పెట్టెయ్యలేదు. నీలం లైటేనా అమ్మా, లోపల తల్లీ బిడ్డా ఉన్నారు కదా, అని అడిగింది. చుట్టూ మందులవాళ్ళు నిలబడి ఉన్నారు, మళ్ళీ ఎవరో నవ్వుతారనిపించింది, మళ్ళీ రంగుల పాఠం మొదలుపెట్టే ఓపిక లేకపోయింది. చెప్పింది చెయ్యి అన్నాను. అప్పుడు పెట్టేశాను. "ట్రైనింగులో కొత్తగా ఏదైనా చెప్పారేమో, బిడ్డలకి అది కూడా మంచిదేమో అనుకున్నా" అంది ఆయమ్మ. నాకు ఆమె మీద కోపం వచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మంచితనం మీద ఒళ్ళు మండిపోయింది, నా మీద అరిచి ఉంటే, పెద్ద డాక్టరు ముందు నిలబెట్టి ఉంటే, నేను నాలుగు మాటలు తిరిగి అని తేలికపడేదాన్ని. "టీ చల్లారిపోతోంది తాగండి" అంది. పన్నెండేళ్ళుగా ఆమె పెట్టిన టీ తాగుతున్నాను, ఇవాళ్టి కప్పు పక్కకి జరిపాను.

బస్సు. ఐదింటి బస్సు ఎప్పుడూ నిండిపోతుంది, బాలింతని చూసి ఎవరో కిటికీ పక్క సీటిస్తారు, పడమటి ఎండ సూటిగా మొహం మీద పడుతుంది. మొదట నలుసు పడిందనుకుంటుంది. బిడ్డని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నులుముకుంటుంది. తర్వాత రెండు చేతులూ కావాలనిపిస్తుంది. కళ్ళు తెరవలేదు, ఎక్కడికొచ్చిందో తెలియదు, వాడు ఏడుస్తాడు, వాడెందుకు ఏడుస్తున్నాడో చూడలేదు. పక్కన కూర్చున్న మనిషి ఎవరో తెలియకుండానే బిడ్డని ఇవ్వాలి, ఇస్తే ఎటు తీసుకెళ్ళారో కనబడదు. బస్టాండులో వాళ్ళాయన నవ్వుతూ ఎదురొస్తాడు. ఇవన్నీ నాకు ఇంత వివరంగా కనబడుతున్నప్పుడు నేనింకా కుర్చీలో ఎందుకున్నాను. ఇంకా మూడేళ్ళ ఉద్యోగముందని, ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క మచ్చ లేదని, ఆ హాల్లోవాళ్ళు విని మళ్ళీ నవ్వుతారని. నవ్వుతారనే, అదే ఎక్కువ. కాగితం తిప్పి వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. ఈ ఉదయం పదకొండు నుంచి పదకొండూ నలభై దాకా మూడో గదిలో తల్లి ఉండగా యూవీ దీపం పొరపాటున వేశారు. చదివాను. వేశారు కొట్టేశాను. పొరపాటున కొట్టేశాను. నేను వెయ్యమన్నాను, ఆయా ప్రశ్నించినా వినలేదు అని రాశాను. తల్లిని ఈ రోజు పంపడం లేదు. సంతకం పెట్టాను. సిరా ఆరిపోలేదు.

వరండాలో ఆయమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. నాతో రా అన్నాను. ఎందుకని అడగలేదు, ఈసారి అడగలేదు. మూడో గదిలో ఆ పిల్ల సంచీ సర్దుకుని, బిడ్డని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, మంచం చివర తయారుగా కూర్చుంది. కిటికీ తెర మూసేసి ఉంది. "వచ్చారా సిస్టర్, మీకోసమే చూస్తున్నా. కంట్లో ఏదో నలుసు పడింది, ఒకసారి ఊదండి" అంది. వేలితో కింది రెప్ప లాగి మొహం పైకెత్తింది. దగ్గరికి వెళ్ళాను. కన్నంతా ఎర్రగా ఉంది, నీళ్ళు తిరుగుతున్నాయి. రెండో కన్నూ అంతే. నేను ఊదుతానని ఎదురుచూస్తూ ఊపిరి బిగబట్టుకుంది.

"ఊదితే పోయేది కాదమ్మా ఇది" అన్నాను.

చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చునే హక్కు లేదనిపించింది. పొద్దున వెలిగింది బిడ్డ లైటు కాదని, మనుషులుండగా వెయ్యకూడని లైటని, కాసేపట్లో నొప్పి పెరుగుతుందని, రెండు మూడు రోజులు కళ్ళు తెరవడం కష్టమని, కంటి డాక్టరుని పిలిపిస్తున్నానని, బిడ్డకి ఏమీ తగల్లేదని. "చూపు పోతుందా?" అంది. "పోదు. మా నాన్నకి ఎన్నోసార్లు వచ్చి తగ్గింది. కానీ నలభై నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు" అన్నాను. "ఎవరేశారు?" అంది ఆ పిల్ల. "నేనేనమ్మా" అంది వెనకనుంచి ఆయమ్మ. "నువ్వాగు" అన్నాను. "వేసింది ఆవిడ. వెయ్యమన్నది నేను. లోపల మనుషులున్నారని ఆవిడ అడిగింది కూడా. చెప్పింది చెయ్యమన్నాను."

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను. కళ్ళనుంచి నీళ్ళు చెంపల మీదుగా గడ్డం దాకా వచ్చి బిడ్డ గుడ్డ మీద పడ్డాయి, తుడుచుకోలేదు.

"మీకు ఎన్నింటికి తెలిసింది?"

"పదకొండూ నలభైకి."

"ఇప్పుడెంతైంది?"

"నాలుగుంపావు."

"మధ్యలో వచ్చి నా కళ్ళల్లోకి చూసి వెళ్ళారు" అంది. "నేను నవ్వాను. మీరూ నవ్వారు."

"అవునమ్మా."

"ఎందుకు చెప్పలేదు?"

పెద్ద డాక్టరుగారు వద్దన్నారని చెప్పొచ్చు. నొప్పి రాదేమోనని ఆశపడ్డానని చెప్పొచ్చు, అది కొంత నిజం కూడా. "భయమేసింది" అన్నాను.

ఆ పిల్ల తల దించింది. బలవంతంగా రెప్పలు విప్పి, ముఖం బాగా దగ్గరగా పెట్టి, బిడ్డని చూసింది. నుదురు, కనుబొమలు, చెవి, చెవి వెనక, పెదవి, మెడ మడత, పిడికిలి విప్పి వేళ్ళు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. చూస్తున్నంతసేపూ దవడ బిగించే ఉంది. తర్వాత కళ్ళు మూసుకుని వాణ్ణి నా వైపు చాచింది.

"పట్టుకోండి. పాలకి తప్ప దించకండి. ఆయమ్మకివ్వకండి, ఇంకే నర్సుకీ ఇవ్వకండి. మీరే పట్టుకోవాలి, నాకు కనబడేదాకా."

నా డ్యూటీ ఐదింటికి అయిపోతుంది. ఆ మాట అనలేదు. వాణ్ణి అందుకుని, తల మోచేతి మడతలో పెట్టుకున్నాను, ఎన్ని వేల బిడ్డల్ని అలా పట్టుకున్నానో లెక్కలేదు. ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, నా మోచెయ్యి, నా మణికట్టు, వాడి తల కింద నా అరచెయ్యి, మెల్లిగా తడిమి చూసింది, సరిగ్గా పట్టుకున్నానో లేదోనని.